హెడ్‌స్కేల్ పెట్టుకుంటే ట్రాఫిక్ అంతా మన సర్వర్ మీదుగానేనా?

“ఫ్లై.ఐఓలో ఐదు నిమిషాల్లో హెడ్‌స్కేల్ ఎక్కించండి. ఇక మీ ట్రాఫిక్ అంతా మీ సర్వర్ మీదుగానే వెళ్తుంది, మధ్యలో ఏ కంపెనీ ఉండదు, రెండు మెషీన్లు పెడితే ఎప్పటికీ పడిపోదు, ముందు క్లౌడ్‌ఫ్లేర్ ప్రాక్సీ పెడితే ఇంకా భద్రం, పైసా ఖర్చు లేదు.” ఈ అర్థం వచ్చే పోస్టు, ఒక కాన్ఫిగ్ (సెట్టింగుల ఫైలు)తో కలిపి, టెక్ గ్రూపుల్లో చక్కర్లు కొడుతోంది. ఫ్లై.ఐఓ అంటే మన ప్రోగ్రామ్‌లను అద్దె సర్వర్లలో నడిపే సేవ. ఐదు నిమిషాల్లో ఎక్కించడం వరకు అబద్ధమేమీ కాదు. మిగతా మాటలే తేడా.

“ట్రాఫిక్ అంతా మీ సర్వర్ మీదుగా వెళ్తుంది”

వెళ్లదు. టెయిల్‌స్కేల్ అనేది మన ఫోన్లు, లాప్‌టాప్‌లు ఎక్కడున్నా వాటిని ఒకే ప్రైవేట్ నెట్‌వర్క్‌గా కలిపే సేవ. దాని కంట్రోల్ సర్వర్‌కు ఓపెన్ సోర్స్ ప్రత్యామ్నాయమే హెడ్‌స్కేల్. దానిది పెళ్లిళ్ల పేరయ్య పని. ఏ పరికరం పబ్లిక్ కీ ఏది, ఇప్పుడు ఏ ఐపీలో, ఏ పోర్టులో దొరుకుతుంది అన్న వివరాలు ఇరుపక్షాలకూ చేరవేస్తుంది. తర్వాత కాపురం వాళ్లది. డేటా వైర్‌గార్డ్ అనే ఎన్‌క్రిప్టెడ్ సొరంగంలో ఒక పరికరం నుంచి ఇంకోదానికి నేరుగా వెళ్తుంది. అందుకే ఇంటిల్లిపాది ఫోన్లకూ లాప్‌టాప్‌లకూ 512 ఎంబీ ర్యామ్ ఉన్న చిన్న మెషీన్ చాలు. సర్వర్ ముంబైలో ఉన్నా ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉన్నా, నేరుగా కలిసిన పరికరాల మధ్య వేగం మారదు.

అమెరికాలో కూర్చుని హైదరాబాద్ ఇంటి ఐపీతో బయటికి వెళ్లాలనుకునే వారికి కావలసింది ఎగ్జిట్ నోడ్, అంటే మిగతా పరికరాల ఇంటర్నెట్ ట్రాఫిక్‌ను తన ఐపీతో బయటికి పంపే పరికరం. అది ఇంట్లో ఉండే పాత లాప్‌టాప్ కావచ్చు, రాస్ప్‌బెరీ పై కావచ్చు. దాన్ని ఎగ్జిట్ నోడ్‌గా ప్రకటించి, హెడ్‌స్కేల్‌లో 0.0.0.0/0, ::/0 రూట్లకు (అంటే ఇంటర్నెట్ అంతటికీ) ఆమోదం ఇవ్వాలి. లైనక్స్ అయితే ఐపీ ఫార్వర్డింగ్ (వేరే పరికరాల ప్యాకెట్లను ముందుకు పంపడం) కూడా ఆన్ చేయాలి. అది మరిచిపోతే కనెక్ట్ అయినట్టే చూపిస్తుంది, పేజీ మాత్రం తెరుచుకోదు.

“మధ్యలో ఏ కంపెనీ ఉండదు”

హెడ్‌స్కేల్ నమూనా కాన్ఫిగ్ తెరిచి డెర్ప్ విభాగం చూడండి. డెర్ప్ అంటే రిలే, ప్యాకెట్లను ఒకరి నుంచి అందుకుని ఇంకొకరికి చేరవేసే మధ్యవర్తి సర్వర్. అందులో టెయిల్‌స్కేల్ కంపెనీ డెర్ప్ మ్యాప్ (రిలేల జాబితా) లింకు ముందే రాసి ఉంటుంది. రెండు పరికరాలు నేరుగా కలవలేనప్పుడు ప్యాకెట్లు ఆ కంపెనీ రిలేల గుండానే పోతాయి. మొబైల్ డేటాలో ఐపీవీ4 ఎక్కువగా సీజీనాట్ (ఒకే బయటి ఐపీని చాలామందికి పంచే పద్ధతి) వెనకే ఉంటుంది కాబట్టి ఇది అరుదైన సంగతేమీ కాదు. రెండు వైపులా ఐపీవీ6 ఉంటే నేరుగా కలిసే అవకాశం బాగా పెరుగుతుంది. రిలేకు లోపలి సమాచారం కనిపించదు, ఎన్‌క్రిప్షన్ రెండు కొసల మధ్యనే ఉంటుంది. కానీ ఎవరి నుంచి ఎవరికి, ఎంత పోతోందో కనిపిస్తుంది. “ఏ కంపెనీ ఉండదు” అనడం అక్కడే తేలిపోతుంది.

సొంత రిలే కావాలంటే హెడ్‌స్కేల్‌లోనే ఉన్న డెర్ప్ సర్వర్‌ను ఆన్ చేసి, ఆ లింకుల జాబితాను ఖాళీ చేయాలి. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. పరికరం తన బయటి చిరునామా తెలుసుకోవడానికి స్టన్ అనే ప్రోటోకాల్ వాడుతుంది, అది నడిచేది యూడీపీ పోర్టు 3478 మీద. ఫ్లైలో యూడీపీ నడవాలంటే విడిగా డెడికేటెడ్ ఐపీవీ4 కొనాలి, సర్వర్ 0.0.0.0 మీద కాకుండా ‘ఫ్లై-గ్లోబల్-సర్వీసెస్’ అనే చిరునామా మీద వినాలి, లోపలి పోర్టూ బయటి పోర్టూ ఒకటే కావాలి. ఈ మూడింట్లో ఏది తప్పినా లాగ్‌లో ఎర్రగా ఏమీ రాదు. స్టన్ జవాబు రాక, సీజీనాట్ వెనకున్న పరికరాలు తమ బయటి చిరునామా తెలియక రిలేకే అతుక్కుపోతాయి. టెయిల్‌స్కేల్ పింగ్ కొట్టి చూడండి: ఎన్నిసార్లు కొట్టినా ‘వయా డెర్ప్’ అనే వస్తుంటే అనుమానించాల్సింది స్టన్‌నే. సర్వర్ ఉన్న ఊరు లెక్కలోకి వచ్చేది కూడా అప్పుడే. రిలే ఫ్రాంక్‌ఫర్ట్‌లో పెడితే గుంటూరులో పక్కపక్క వీధుల్లో ఉన్న రెండు ఫోన్లు జర్మనీ చుట్టి వచ్చి మాట్లాడుకుంటాయి. టెయిల్‌స్కేల్ వారి రిలే బెంగళూరులోనే ఉంది. దాన్ని తీసేసే ముందు ఒకసారి ఆలోచించండి.

“రెండు మెషీన్లు పెడితే పడిపోదు”

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. హెడ్‌స్కేల్ ఒకే ప్రాసెస్‌గా నడవడానికి రాసిన సాఫ్ట్‌వేర్. దాని డేటా ఎస్‌క్యూలైట్ అనే ఫైలు డేటాబేస్‌లో ఉంటుంది. ఫ్లైలో ఒక వాల్యూమ్ (డేటా చెరిగిపోకుండా ఉండే డిస్క్) ఒక మెషీన్‌కే తగులుతుంది. రెండో మెషీన్‌కు రెండో వాల్యూమ్, అంటే రెండో డేటాబేస్. ఉదయం చేర్చిన ఫోన్ మొదటి మెషీన్‌లో నమోదై ఉంటుంది, రీకనెక్ట్ అయినప్పుడు రెండోదానికి తగిలితే “నువ్వెవరు?” అంటుంది. పోస్ట్‌గ్రెస్ అనే వేరే డేటాబేస్‌కు మారినా ఇది తీరదు. వాల్యూమ్ పెట్టకుండా మొదటిసారి డిప్లాయ్ చేస్తే ఫ్లై తనంతట తానే రెండు మెషీన్లు లేపుతుంది, కాబట్టి డిప్లాయ్ చేసేటప్పుడే హెచ్ఏ (రెండో మెషీన్ లేపే ఆప్షన్)ను ఫాల్స్ అనండి.

నిజానికి అంత భయం అవసరం లేదు. సర్వర్ కాసేపు పడిపోయినా అప్పటికే కలిసి ఉన్న పరికరాలు మాట్లాడుకుంటూనే ఉంటాయి. కొత్త పరికరం చేరదు, మారిన చిరునామాల కబురు అందదు, అంతే.

భయపడాల్సింది వాల్యూమ్ లేకపోవడానికి. అది లేకుండా నడిపితే తర్వాతి డిప్లాయ్‌తో నాయిస్ ప్రైవేట్ కీ (పరికరాలు సర్వర్‌ను గుర్తుపట్టే రహస్య కీ), డేటాబేస్ రెండూ పోతాయి. ప్రతి పరికరాన్నీ మళ్లీ చేర్చుకోవాలి. ఫ్లై రోజూ వాల్యూమ్ స్నాప్‌షాట్ (నకలు) తీస్తుంది గానీ మామూలుగా 5 రోజులే ఉంచుతుంది. సొంతంగా బ్యాకప్ తీసేటప్పుడు ఎస్‌క్యూలైట్ ఫైలు ఒక్కటే కాపీ చేయకండి. పక్కనే పేరు ‘-wal’ అని ముగిసే ఫైలు ఉంటుంది, చివర్లో రాసినవి అందులో ఉండవచ్చు. ఎస్‌క్యూలైట్ బ్యాకప్ కమాండ్ వాడితే రెండూ కలిసి వస్తాయి. హెడ్‌స్కేల్ అధికారిక కంటైనర్ ఇమేజ్‌లో షెల్ (కమాండ్లు కొట్టే చోటు) ఉండదు, లోపలికి వెళ్లి చూడాలంటే డీబగ్ ఇమేజ్ తీసుకోవాలి.

“ముందు క్లౌడ్‌ఫ్లేర్ ప్రాక్సీ పెడితే ఇంకా భద్రం”

పని చేయదని హెడ్‌స్కేల్ డాక్యుమెంట్లలోనే ఉంది. క్లయింట్ పోస్ట్ రిక్వెస్ట్‌తో కనెక్షన్‌ను అప్‌గ్రేడ్ చేయమంటుంది. క్లౌడ్‌ఫ్లేర్ దాన్ని దాటనివ్వదు. క్లౌడ్‌ఫ్లేర్ డీఎన్‌ఎస్ పేజీలో నారింజ మబ్బును (ప్రాక్సీ ఆన్) బూడిద రంగుకు (ఆఫ్) మార్చండి. ముందు పెట్టింది ఎన్‌జిన్‌ఎక్స్ అనే ప్రాక్సీ అయితే హెచ్‌టీటీపీ 1.1 పెట్టి, అప్‌గ్రేడ్, కనెక్షన్ హెడర్లు రెండూ లోపలికి పంపాలి.

ఆ పోస్టులోని కాన్ఫిగ్‌లో ఇంకో రెండు తప్పులున్నాయి. వినే చిరునామా 127.0.0.1:8080గా వదిలేశారు, కంటైనర్ బయటి ప్రాక్సీకి అది అందదు, 0.0.0.0:8080 చేయాలి. సర్వర్ చిరునామా హెచ్‌ఎస్.ఎగ్జాంపుల్.కామ్ అని, బేస్ డొమైన్ (పరికరాల పేర్ల చివర వచ్చే డొమైన్) ఎగ్జాంపుల్.కామ్ అని ఇచ్చారు. దీనితో హెడ్‌స్కేల్ లేవనే లేవదు. ఆ డొమైన్ కింది పేర్లన్నీ మ్యాజిక్ డీఎన్‌ఎస్ (పరికరాలను పేర్లతో పిలవనిచ్చే ఏర్పాటు) తన చేతిలోకి తీసుకుంటే క్లయింట్లకు సర్వరే దొరక్కుండా పోతుందని ముందే అడ్డుపడుతుంది. బేస్ డొమైన్‌కు నెట్.ఎగ్జాంపుల్.కామ్ లాంటి వేరే పేరు ఇవ్వండి.

“పైసా ఖర్చు లేదు”

కొత్తగా చేరేవారికి ఫ్లైలో పాత ఉచిత కోటా లేదు. మెషీన్, వాల్యూమ్, డెడికేటెడ్ ఐపీ దేనికదే బిల్లు. ఖర్చు తగ్గుతుందని ఆటో స్టాప్ (వాడకం లేనప్పుడు మెషీన్‌ను ఆపేయడం) ఆన్ చేయమంటున్నారు. క్లయింట్లు ఎప్పుడూ ఒక కనెక్షన్ తెరిచే ఉంచుతాయి కాబట్టి దానివల్ల మిగిలేది పెద్దగా ఉండదు. ఆటో స్టాప్ ఆఫ్ చేసి, కనీస మెషీన్ల సంఖ్య 1 పెట్టండి.

ఇమేజ్ పేరు చివర ‘లేటెస్ట్’ అని రాయడం మాత్రం వెంటనే మానేయండి. హెడ్‌స్కేల్‌ను ఒక్కో మైనర్ వెర్షనే ఎక్కుతూ అప్‌గ్రేడ్ చేయాలి, 0.26 నుంచి 0.27కు, అక్కడి నుంచి 0.28కి. డేటాబేస్ ఒకసారి కొత్త రూపానికి మారాక పాత వెర్షన్ దాన్ని తెరవలేదు. వెనక్కి రావాలంటే అప్‌గ్రేడ్‌కు ముందు తీసిన బ్యాకప్ ఒక్కటే దారి.