చెక్క విల్లా, లోహపు విల్లా? ముందు బాణం కూర్చునే చోటు చూడండి

అమెరికాలో లేళ్ళ వేటకు లైసెన్స్ తీసుకున్న మనవాళ్ళు కంపౌండ్ (కప్పీల విల్లు) వద్దు, సంప్రదాయ విల్లే కావాలి అనుకోగానే మొదలయ్యే గొడవ ఒకటే: రికర్వ్‌కి (కొసలు ముందుకు వంగిన విల్లుకి) చెక్క పిడి మేలా, అల్యూమినియం పిడి మేలా? (ఇండియాలో ఉన్నవాళ్ళకు ఈ పోస్టుతో పని లేదు. అక్కడ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం.) చెక్క వైపు వాళ్ళు "విల్లుకు ప్రాణం ఉండాలి" అంటారు. లోహం వైపు వాళ్ళు "స్పీడు" అంటారు. రెండూ ఉత్త మాటలే.

స్పీడు సంగతి ముందు తేల్చేద్దాం. బాణాన్ని తోసేవి లింబ్స్, అంటే పిడికి పైనా కిందా ఉండి వంగే రెండు పలకలు. అల్యూమినియం రైజర్‌కి, అంటే పిడికి, బిగించేది కూడా మధ్యలో చెక్కో ఫోమో పెట్టి, పైన ఫైబర్‌గ్లాసో కార్బనో అతికించిన లింబ్సే. లింబ్స్‌తో సహా ఉక్కు గొట్టాలతో చేసిన విళ్ళు ఒకప్పుడు ఉండేవి: స్వీడన్‌లో సీఫాబ్, ఇంగ్లండ్‌లో అపోలో. గొట్టం లోపల తుప్పు పట్టి, పైకి నిగనిగలాడుతూనే లాగుతుండగా విరిగేవి. ఫైబర్‌గ్లాస్ వచ్చాక వాటి పని అయిపోయింది. ఫ్రెడ్ బేర్ కంపెనీ తన టేక్‌డౌన్ (విడదీసి బిగించే) విల్లును మెగ్నీషియం పిడితోనూ, చెక్క పిడితోనూ అమ్మింది. లింబ్స్ మాత్రం రెండింటికీ అవే.

అసలు తేడా బాణం కూర్చునే చోట ఉంది. చెక్క పిడిని అక్కడ మరీ లోతుగా కోస్తే బలం పోతుంది. అందుకే చాలా చెక్క రికర్వ్‌లను విల్లు నిలువు మధ్య గీత దాకానో, దాన్ని దాటి అంగుళంలో ఎనిమిదో వంతు దాకానో కోస్తారు. చాలా లాంగ్‌బోలలో (కొసలు ముందుకు వంగని పొడవాటి విళ్ళలో) ఆ కోత మధ్య గీత దాకా కూడా రాదు. అప్పుడు కుడిచేతి వాళ్ళకు బాణం మొన ఎడమకు చూస్తుంది. వదలగానే అది పిడిని చుట్టుకుంటూ వంగి వెళ్ళాలి. కాబట్టి బాణం స్పైన్ (అది ఎంత వంగుతుందన్నది) సరిగ్గా కుదరాలి, కాస్త మెత్తటిదే కావాలి. లోహపు రైజర్‌ను మధ్య గీత దాటి బాగా కోస్తారు. ప్లంజర్ (బాణం పక్కన ఆనే స్ప్రింగ్ బొడిపె) తిప్పి బాణాన్ని లోపలికీ బయటికీ జరపొచ్చు. స్పైన్ కొంచెం అటూ ఇటూ అయినా సర్దుకుంటుంది.

కుదిరిందో లేదో తెలియాలంటే ఈకలు లేని బాణాన్ని, ఈకలున్న మూడింటితో కలిపి 15 గజాల నుంచి వేసి చూడండి. కుడిచేతి వాళ్ళకు ఈకలు లేనిది ఎడమకు పడితే బాణం గట్టిది, కుడికి పడితే మెత్తది. గట్టిదైతే మొన బరువు 25 గ్రెయిన్లు (గ్రెయిన్ అంటే గ్రాములో సుమారు పదిహేనో వంతు) పెంచండి, మెత్తదైతే తగ్గించండి. మెత్తదాన్ని గట్టిపరచడానికి బాణం పొట్టిగా కోయడం ఆఖరి మాట, అదీ ఒక్కోసారి పావు అంగుళమే. కోసింది మళ్ళీ అతకదు. చెక్క విల్లుకైతే షెల్ఫ్ (బాణం కూర్చునే గట్టు) పక్కన అతికించే తోలు ముక్కను మందంగానో పలచగానో మార్చడం విల్లు మీద మీ చేతిలో ఉన్న ముఖ్యమైన సర్దుబాటు.

ఐఎల్ఎఫ్ (వేర్వేరు కంపెనీల లింబ్స్ పట్టే ఉమ్మడి బిగింపు) లోహపు రైజర్ కొనేవాళ్ళు తరచూ దెబ్బతినేది లింబ్ మీద రాసిన లాగు బరువు (తాడు లాగడానికి కావలసిన బలం, పౌండ్లలో) అంకెతో. సాధారణంగా అది 25 అంగుళాల రైజర్ మీద, 28 అంగుళాల లాగుకు లెక్క. రైజర్ రెండంగుళాలు తగ్గితే సుమారు 2 పౌండ్లు పెరుగుతుంది. 45 అని రాసినది 19 అంగుళాల రైజర్‌కి బిగిస్తే దాదాపు 51. అంత లాగి నిలపలేక, పూర్తిగా లాగకముందే వదిలేసి, జింకను గాయపరిచి వదిలేస్తారు. ఆ పాపం విల్లుది కాదు. (కొన్ని కంపెనీలు 17 లేదా 19 మీదే కొలుస్తాయి, అడిగి కొనండి.) లాగు బరువు తగ్గించడానికి లింబ్ బోల్టులు విప్పుకుంటూ పోవద్దు. తయారీదారు చెప్పిన మలుపులు దాటితే లాగేటప్పుడు లింబ్ ఊడి మొహం మీదికే వస్తుంది.

లోహపు విల్లు మొత్తం కేజీ పావు దాటి తూగొచ్చు, ఒకే ముక్క చెక్క రికర్వ్ కేజీలోపే. బరువుంటే వదిలేటప్పుడు చెయ్యి వణికినా విల్లు అంతగా కదలదు. చెట్టు మీద మంచె కట్టి కూర్చునే వాళ్ళకు అది లాభం, రోజంతా నేల మీద నడిచి వేటాడేవాళ్ళకు శిక్ష. నవంబర్ తెల్లవారుజామున లోహపు పిడి వేళ్ళను కొరికేస్తుంది. టెన్నిస్ రాకెట్ టేపు చుట్టండి. లింబ్ పాకెట్‌లో (లింబ్ రైజర్‌లో కూర్చునే చోట) టిక్‌మని చప్పుడొస్తే పలచటి ఫెల్ట్ ముక్క పెట్టండి. బాణం బరువు లాగు బరువులో పౌండుకు 10 గ్రెయిన్ల లెక్కన, 45 పౌండ్లకు 450 ఉంటే విల్లు చప్పుడే సగం చచ్చిపోతుంది.

నా మాట: మొదటి వేట విల్లు లోహపుదే కొనండి, మీరు లాగినప్పుడు చేతికొచ్చే లాగు బరువు 40 నుంచి 45 పౌండ్లు. మీ రాష్ట్రంలో కనీస లాగు బరువు నియమం ఉంటే అది చూసుకోండి. స్పైన్ లెక్క ఒంటబట్టాక చెక్కది కొనుక్కోండి. తేలికగా, వెచ్చగా ఉంటుంది, వదులయ్యే మరలు ఉండవు. పాత చెక్క విల్లైతే లింబ్ కొసలు బలపరిచారో లేదో తెలియకుండా ఫాస్ట్‌ఫ్లైట్ (దాదాపు సాగని) తాడు కట్టొద్దు, కాస్త సాగే డాక్రానే కట్టండి. తాడెక్కించడానికి స్ట్రింగర్ (విల్లును వంచే సాయపు తాడు) వాడండి, కాలు అడ్డం పెట్టి వంచితే లింబ్ మెలిక పడుతుంది. ఎండలో కారు డిక్కీలో మాత్రం ఏ విల్లునూ వదిలేయకండి. పిడి ఏదైనా, వేడికి లింబ్ పొరల మధ్య జిగురు వీడిపోతుంది.