నా రెగ్యులేటర్ ఎక్కడ కొంటే మీకేంటి?

ఇప్పుడే స్కూబా డైవింగ్ సామాన్లు అమ్మే షాపు నుంచి వచ్చాను. దారంతా కారులో మా ఆయనతో ఒక్క ముక్క మాట్లాడలేదు, ఆయన తప్పేమీ లేకపోయినా. కోపం ఇంకా దిగలేదు. దిగేలోపే రాసేస్తున్నాను.

త్వరలో మెక్సికోలోని కోజుమెల్ దీవికి వెళ్తున్నాం. వెళ్ళేముందు నా రెగ్యులేటర్‌ని, అంటే నీళ్ళ అడుగున ట్యాంకులోంచి గాలి పీల్చుకునే పరికరాన్ని, సర్వీసింగ్‌కి ఇద్దామని మా ఇంటి దగ్గర, డాలస్ శివార్లలో ఉన్న షాపుకి తీసుకెళ్ళాను. కౌంటర్ దగ్గర ఓనరే ఉన్నాడు. అటూ ఇటూ తిప్పాడు, సీరియల్ నంబర్ చూశాడు. "ఇది మా దగ్గర కొన్నది కాదే" అన్నాడు. ఆన్‌లైన్‌లో తీసుకున్నానని చెప్పాను. అంతే, రెండు వేళ్ళతో నా వైపు నెట్టేశాడు. "వంద అడుగుల లోతులో గాలి ఆగిపోతే ఆ వెబ్‌సైట్ వచ్చి నిన్ను కాపాడుతుందా?" అని అడిగాడు. షాపులో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు.

కాపాడదు. ఆ షాపూ వచ్చి కాపాడదు. అంత లోతులో నన్ను కాపాడేది పక్కనున్న బడ్డీ, అంటే జంటగా దిగే తోటి డైవర్, నేను తీసుకున్న ట్రైనింగ్, సరిగ్గా పనిచేసే రెగ్యులేటర్. ఆ మూడోదాని కోసమేగా నేను వాళ్ళ గుమ్మం ఎక్కింది! నా ప్రాణం గురించి నిజంగా అంత బెంగ ఉంటే ముందు దాన్ని విప్పి చూడాలి. అరిగినవి మార్చాలి. ముట్టుకోకుండా వెనక్కిచ్చి పంపించి, దానికి భద్రత అని పేరు పెడితే ఎలా ఊరుకుంటాను?

డైవింగ్ తెలియనివాళ్ళ కోసం చెబుతున్నా. ట్యాంకులో గాలిని దాదాపు 3000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఒత్తిడితో కుక్కి నింపుతారు. దాన్ని నేరుగా పీల్చలేం. రెగ్యులేటర్ మొదటి స్టేజి ఆ ఒత్తిడిని 140 దగ్గరికి దించుతుంది. నోట్లో పెట్టుకునే రెండో స్టేజి మనం పీల్చినప్పుడు మాత్రమే గాలి వదులుతుంది, అదీ మన చుట్టూ నీళ్ళ ఒత్తిడి ఎంతుందో సరిగ్గా అంత ఒత్తిడితో. 30 మీటర్ల లోతులో ఒత్తిడి ఒడ్డున ఉన్నదానికి 4 రెట్లు. అక్కడ కూడా మామూలుగా ఊపిరి తీసుకోగలుగుతున్నామంటే ఈ చిన్న లోహపు ముక్క వల్లే. 1943లో ఫ్రాన్స్‌లో కూస్తో, గాన్యాన్ కలిసి తయారుచేసినదాని మూల సూత్రమే ఇప్పటికీ నడుస్తోంది. లోపల ఉండేవి స్ప్రింగులు, పిస్టనో డయాఫ్రమో (పలచని పొర), గాలి దారిని మూసే ఒక సీటు, రబ్బరు ఓ-రింగులు. ఉప్పు పేరుకుంటుంది, రబ్బరు అరుగుతుంది. అందుకే ఏడాదికో రెండేళ్ళకో విప్పి, శుభ్రం చేసి, కొత్త కిట్, అంటే అరిగే పార్టుల సెట్టు, వెయ్యాలి. షాపులో కొన్నదైనా, ఇంటర్నెట్‌లో కొన్నదైనా లోపల అరిగేది అవే రింగులు. కారు వేరే ఊళ్ళో కొన్నారు కాబట్టి ఆయిల్ మార్చను అన్న మెకానిక్‌ని మీరెవరైనా చూశారా?

పోనీ నేర్చుకుని మనమే చేసుకుందామంటే, చాలా కంపెనీలు ఆ కిట్లు మామూలు మనుషులకి అమ్మవు. డీలర్లకే ఇస్తాయి. ఇది ప్రాణం నిలబెట్టే పరికరం, ఎవరు పడితే వాళ్ళు విప్పకూడదు అంటాయి. ఒప్పుకుంటాను, నాకూ బతకాలనే ఉంది. కానీ విప్పే హక్కు మీకొక్కరికే ఉన్నప్పుడు విప్పాల్సిన బాధ్యత కూడా మీదే కదా! వారంటీ కింద ఉచితంగా పార్టులు ఇవ్వమని నేను అడగలేదు. అది డీలర్ దగ్గర కొన్నవాళ్ళకేనని తెలుసు. పార్టులకీ డబ్బులిస్తాను, పనికీ ఇస్తాను అన్నాను. ఆయన అదే కంపెనీకి డీలరు. గోడ మీద అదే మోడల్ వేలాడుతోంది. ఇంకో విషయం, ఆ షాపుకీ వెబ్‌సైట్ ఉంది. వేరే రాష్ట్రాల వాళ్ళకి కూడా పంపిస్తామని అందులో రాసుకున్నారు. అక్కడ వాళ్ళు అమ్మితే అది వ్యాపారం, ఇక్కడ నేను కొంటే ద్రోహం!

ఆ షాపుకి నేను ఇవ్వాల్సింది ఎప్పుడూ ఎగ్గొట్టలేదు. కోర్సులో చేరినప్పుడు మాస్క్, ఫిన్స్, స్నార్కెల్, బూట్లు సొంతవి ఉండాలి, అవీ మా దగ్గరే తీసుకోవాలి అన్నారు. మారు మాట్లాడకుండా కొన్నాను. గాలి నింపించుకునేది అక్కడే. ఏటా ట్యాంకు లోపల చూపించుకునేది అక్కడే, అయిదేళ్ళకోసారి నీటి ఒత్తిడితో ట్యాంకు బలం చూసే హైడ్రో టెస్టుకి ఇచ్చిందీ అక్కడే. వాళ్ళ దగ్గర రెండు గంటలు బీసీడీలు (నీళ్ళలో తేలడం, మునగడం అదుపు చేసే జాకెట్లు) తొడిగించుకుని, సైజు తెలుసుకుని, పార్కింగ్‌లోకి వచ్చి ఫోన్‌లో ఆర్డర్ పెట్టే రకం కాదు నేను. అలాంటి వాళ్ళు ఉన్నారు, మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లోనూ ఉన్నారు. "షాపులో ట్రై చేసి ఆన్‌లైన్‌లో కొట్టెయ్యండి" అని సలహా ఇస్తారు కూడా. అది దొంగతనం. ఎదుటి మనిషి టైమూ, అనుభవమూ వాడుకుని డబ్బు ఇంకొకరికి ఇవ్వడం దొంగతనం కాక ఇంకేంటి? మీరు చేసిన పనికి ఈరోజు నేను మాట పడ్డాను. ఇది చదువుతున్నవాళ్ళలో మీరూ ఉన్నారని తెలిసే రాస్తున్నాను.

మంచి షాపు అంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఆస్టిన్‌లో ఉన్నప్పుడు లేక్ ట్రావిస్ వైపు వెళ్ళే దారిలో ఒక ముసలాయన షాపు ఉండేది. నాకు మాస్క్ చూపించడానికి ఆయన అలమరా సగం ఖాళీ చేశాడు. పట్టీ తగిలించకుండా ముఖానికి ఆనించి, ముక్కుతో గాలి లోపలికి పీల్చి, చెయ్యి వదిలెయ్యమన్నాడు. జారకుండా నిలబడితే అది నీ ముఖానికి సరిపోయినట్టు అన్నాడు. ఖరీదైనవన్నీ జారిపోయాయి. చివరికి అన్నిటికంటే చవకది నిలిచింది, అదే చేతిలో పెట్టాడు. ఇప్పటికీ అదే వాడుతున్నాను. ఆయనకి వయసైపోయింది, షాపు తీసుకునేవాళ్ళు దొరక్క మూసేశాడు. ఆ షాపే ఉండి ఉంటే రెట్టింపు ధర పెట్టినా అక్కడే కొనేదాన్ని. ఇలాంటివి మూతపడి, కస్టమర్ని దోషిలా నిలబెట్టేవి బతికి ఉండటం చూస్తే కడుపు మండిపోతోంది.

అసలు నన్ను మండించిన సంగతి ఇంకా చెప్పలేదు.

నాతో అన్ని మాటలు అన్నాక ఈ డాలస్ షాపు ఓనరు మా ఆయన వైపు తిరిగాడు. "మీ ఆవిడకి మంచి సెట్టు ఒకటి కొనిపెట్టండి సార్, ప్రాణాలతో ఆటలొద్దు" అన్నాడు. మా ఆయనకి ఈత రాదు. పూల్‌లో నడుము లోతు దాటి దిగడు. డైవర్ని నేను. సర్టిఫికెట్ నాది, రెగ్యులేటర్ నాది, దాన్ని కొన్న డబ్బు నా జీతం. చెమటలు కక్కుతూ ట్యాంకు మోసుకొచ్చింది కూడా నేనే. అయినా ధర చెప్పాల్సి వస్తే మా ఆయనకి చెబుతాడు, వివరం చెప్పాల్సి వస్తే ఆయనకి చెబుతాడు. ఇవాళ కొత్తగా జరిగిందేమీ కాదు. ప్రతిసారీ ఇదే వరస. ఆడవాళ్ళ బీసీడీలు అడిగితే మూలనున్న హ్యాంగర్ చూపిస్తారు. నా ఎత్తుకి సరిపోయే వెట్‌సూట్ (నీళ్ళలో చలి ఆపే బిగుతు సూటు) కావాలంటే పిల్లల సైజులు తీస్తారు. నేను ఆన్‌లైన్‌కి వెళ్ళింది ధర కోసమే అని వాళ్ళ నమ్మకం. నా సైజు అక్కడ ఉంది. నన్ను దాటి నా వెనక ఎవరున్నారో అక్కడ ఎవరూ చూడలేదు.

ఆ చూపు నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. పుట్టింది వైజాగ్‌లో. మేడ ఎక్కితే సముద్రం కనిపించే ఇల్లు. అన్నయ్యని బీచ్ రోడ్డులో స్విమ్మింగ్ పూల్‌కి పంపారు. నేనూ వెళ్తానంటే మా పెదనాన్న "ఆడపిల్లకి ఈతెందుకే" అన్నాడు. ఆర్కే బీచ్‌లో పాదాలు తడిసేదాకానే అనుమతి. అలలు లాగేస్తాయని భయం, నిజమే, అక్కడ లాగేస్తాయి, ఎంతమందినో లాగేశాయి. అలాంటి ఊళ్ళో ఈత ముందు ఎవరికి నేర్పాలి? లాగేసే అల ఆడపిల్లని వదిలేసిపోతుందా? ఒక్కరూ జవాబు చెప్పలేదు. ఉద్యోగం వచ్చి, పెళ్ళై, ఇంత దూరం వచ్చాక, పసిపిల్లల పక్కన నిలబడి ఈత నేర్చుకున్నాను. న్యూ మెక్సికోలో బ్లూ హోల్ అని డైవర్లు దిగే లోతైన ఊట గుండం ఉంది, ఏడాది పొడుగునా నీళ్ళు 16 డిగ్రీలే. ఆ చలిలో దవడలు కొట్టుకుంటూ దిగాను. అంత కష్టపడి తెచ్చుకున్న చోటు ఇది. కౌంటర్ వెనక నిలబడి ఎవరో "మీ ఆవిడకి కొనిపెట్టండి" అంటే నాకు మా పెదనాన్న గొంతే వినిపించింది.

తిరిగి ఏమన్నానంటారా? "ఆయనకి డైవింగ్ రాదు, నాతో మాట్లాడండి" అన్నాను. నవ్వాడు. రెగ్యులేటర్ సంచిలో పెట్టుకుని వచ్చేశాను.

ఇప్పుడు సాయం కావాలి. డాలస్, ఫోర్ట్ వర్త్, డెంటన్ చుట్టుపక్కల ఎక్కడ కొన్నావని అడగకుండా సర్వీసింగ్ చేసే షాపు తెలిస్తే కింద రాయండి. ఆస్టిన్ దాకా అయినా నడుపుకుంటూ వెళ్తాను. పోస్టులో పంపితే చేసిచ్చేవాళ్ళున్నారని తెలుసు, కానీ ఎవరి చేతిలో పెడుతున్నానో చూసి ఇవ్వాలని ఉంది. పేర్లు రాయండి, అక్కడ ఆడవాళ్ళతో ఎలా మాట్లాడతారో కూడా రాయండి. "పోనీలే అక్కా, వదిలెయ్" అని మాత్రం ఎవరూ రాయొద్దు.