ఇంజిన్ దించినవాడికే సరిహద్దు గీసే అర్హత

రాష్ట్రాల సరిహద్దులు తేల్చే కమిషన్లలో సభ్యత్వానికి ఒక కొత్త అర్హత పెట్టాలని సంబంధిత పెద్దలకు సవినయంగా మనవి చేసుకుంటున్నాను. సభ్యుడు కనీసం ఒక్కసారైనా తన ఇంటి పెరట్లో పాత టాటా సుమో బండి ఇంజిన్ దించి ఉండాలి. చదువు, పలుకుబడి సంగతి తర్వాత చూసుకోవచ్చు.

మాది పర్లాకిమిడి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరుపడినప్పుడు మా జమీందారీని రెండు ముక్కలు చేశారు. మా ఊరు ఒడిశాకి వెళ్లింది, పక్కనే ఉన్న పాతపట్నం మద్రాసు వైపే ఉండిపోయింది. మ్యాపు మీద ఆ గీత గీయడానికి ఎంతసేపు పట్టిందో గానీ మా మేనత్తలు, పొలం గట్ల తగాదాలు, చదివింపుల బాకీలు ఈనాటికీ అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాయి.

నా సుమోదీ అదే బతుకు. అసలు ఆ పేరే సుమంత్ మూల్‌గావ్‌కర్ అనే టాటా కంపెనీ పెద్దాయన పేరులోంచి రెండు ముక్కలు తీసి అతికించింది. పాతపట్నంలో ఉన్న మా బావ దగ్గర కొన్నాను కాబట్టి నెంబరు ఏపీ 30. ఏడాది దాటి ఇక్కడే ఉంచుకుంటే ఒడిశా నెంబరు వేయించుకోవాలని చట్టం. వేయిస్తే ఓడీ 20 అవుతుంది. ఆ మాటెత్తితే చాలు, "ఏటి బావా, పెళ్లయిన పిల్లకి ఇంటిపేరు మార్చినట్టు మార్చేస్తావేటి?" అని బావ నొచ్చుకుంటాడు. ఇంతలో బండి నీలం పొగ వదలడం మొదలెట్టింది. ఇందులో బండి తప్పేమీ లేదు. ఆయిల్ మార్చడం ఏళ్ల తరబడి వాయిదా వేసిన ఘనత బావదీ నాదీ. పిస్టన్ రింగులు అరిగిపోయాయి, సిలిండర్లకి బోరింగ్ చేయించాలి, అంటే ఇంజిన్ దిగాలి. దాన్ని బరంపురం లేత్ షాపుకి పంపాలా, శ్రీకాకుళం పంపాలా అన్నది ఇంకా తేలలేదు. ముందు దించుదామని మాత్రం ఏకగ్రీవంగా తీర్మానించాం.

మొదట బ్యాటరీ నెగిటివ్ తీగ విప్పాం. తర్వాత బొనెట్. దాని కీళ్ల చుట్టూ మార్కర్‌తో గీత గీసుకోవాలి, లేకపోతే తిరిగి బిగించేటప్పుడు సందులు సమంగా రావు. మా వీధిలో ఇంతవరకు ఎవరూ అభ్యంతరం చెప్పని సరిహద్దు అదొక్కటే. కూలెంట్ బేసిన్‌లోకి వదిలి మూత పెట్టాం. తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, నాకితే చస్తాయి. (ఇది వ్యంగ్యం కాదు.) విప్పిన బోల్టులన్నీ పొట్లాలు కట్టాం. నేను తెలుగులో, పక్కింటి ఒడియా భాయినా (అంటే అన్నయ్య) ఒడియాలో, మా అబ్బాయి ఇంగ్లీషులో వాటి మీద పేర్లు రాశాం. సాయంత్రానికి ఒకే ఆల్టర్నేటర్‌కి మూడు పొట్లాలు తేలాయి. మూడూ అసలైనవేనని ఎవరి వాదన వారిది.

గేరుబాక్సుని, ఇంజిన్‌నీ కలిపే పై బోల్టుల దగ్గర గంటన్నర పోయింది. అక్కడికి చెయ్యి వెళ్తే పానా వెళ్లదు, పానా వెళ్తే తిరగదు. అయినా ఆ బోల్టులు ఊడకముందే మా మిస్త్రీ గేరుబాక్సు కింద చెక్కముక్క వేసి జాకీ పెట్టాడు, పైనుంచి ఛాసిస్‌కి తాడు బిగించాడు. ఇంజిన్ పోయాక మిగిలేది కూలిపోకూడదు కదండీ అన్నాడు. ఆయన ఎనిమిదో తరగతి తప్పాడు. 1936లో ఇలాంటి జాకీ ఎవరైనా పెట్టారేమోనని మా తాతయ్య కాగితాలన్నీ వెతికాను. కనబడలేదు.

చైన్ కప్పీని మామిడి కొమ్మకి కడదామని బావ అన్నాడు. రెండొందల కిలోలకు అటూ ఇటూ ఉండే ఇనుము అది, కొమ్మ విరిగితే ఎవరి కాలు పోతుందో ఏ కమిషనూ తేల్చలేదు. అందుకని మూడు కాళ్ల ఇనుప స్టాండు అద్దెకు తెచ్చాం. చూడ్డానికి వచ్చిన పదిహేను మందిలో పద్నాలుగు మంది సలహాదారులు. మిగిలిన ఒకడు టార్చిలైటు పట్టుకున్నాడు, అదీ తన సెల్‌ఫోన్ మీదికి. "హెబొ నాహిఁ" (అవ్వదు) అని భాయినా తల అడ్డంగా ఊపుతూనే గొలుసు లాగాడు.

ఇంజిన్ జానెడు లేచింది. దాంతోపాటు బండి ముందు భాగం కూడా కొంచెం లేచింది. అందరూ చప్పట్లు కొట్టారు. మిస్త్రీ ఒక్కడే వంగి చూశాడు. ఇంజిన్ నుంచి ఛాసిస్‌కి వెళ్లే లావుపాటి ఎర్త్ తీగ. అన్నీ విప్పాం, దాన్ని మర్చిపోయాం. కోసేయమన్నారు కొందరు. కోస్తే మళ్లీ స్టార్టరు తిరగదు, విప్పాల్సిందే అన్నాడు మిస్త్రీ. అప్పటికే చీకటి పడింది. ఇంజిన్‌ని మళ్లీ మౌంటింగుల మీదే కూర్చోబెట్టి, గోనెపట్టా కప్పి, ఎవరి భోజనాలకు వాళ్లు వెళ్లిపోయారు.

ఆ తీగ బోల్టుకి 17 నెంబరు పానా కావాలి. పానా బావ జేబులో ఉంది. బావ పాతపట్నంలో ఉన్నాడు.