సొరుగులో మర్చిపోయిన కార్డు, సిబిల్ లెక్క

పోరంకిలో ఫ్లాట్ చూసుకున్న మా పిన్ని కొడుకు మొన్న ఫోన్ చేశాడు. "అన్నయ్యా, వాడని క్రెడిట్ కార్డులు రెండున్నాయి. క్లోజ్ చేస్తే సిబిల్ పడిపోతుందంటున్నారు, నిజమేనా?" సిబిల్ అంటే మనం అప్పులు ఎలా కడుతున్నామో చూసి వేసే స్కోరు, లోన్ ఇచ్చేముందు బ్యాంకులు దాన్ని చూస్తాయి. బెజవాడలో హోమ్ లోన్ మాటెత్తిన ప్రతి ఇంట్లోనూ ఈ భయం వింటున్నాను. అందులో సగమే నిజం.

సక్రమంగా కట్టి మూసేసిన కార్డు మన క్రెడిట్ రిపోర్టులోంచి మాయమైపోదు. 'క్లోజ్డ్' అన్న మాటతో, మనం వేళకు కట్టిన చరిత్రతో సహా అక్కడే ఉంటుంది. సిబిల్ లాంటి క్రెడిట్ సమాచార సంస్థలు ఆ వివరాలను కనీసం 7 ఏళ్లు భద్రపరచాలన్నది నిబంధన. కాబట్టి పాత కార్డు మూస్తే మర్నాడే మన మంచి పేరు పోతుందన్న బెంగ అక్కర్లేదు.

స్కోరు కదిలేది లిమిట్ దగ్గర, అంటే అన్ని కార్డుల లిమిట్ కలిపి అందులో ఎంత శాతం వాడుతున్నామన్న దగ్గర. మావాడు వాడే కార్డు లిమిట్ 50 వేలు, నెల ఖర్చు 20 వేలు. వాడని వాటిలో ఒకటి లక్షన్నర, ఇంకోటి 50 వేలు. మొత్తం రెండున్నర లక్షల్లో 20 వేలంటే 8 శాతం వాడకం. రెండూ మూసేస్తే అదే 20 వేలు 40 శాతం అవుతుంది. ఖర్చు రూపాయి కూడా పెరగకుండానే అప్పు మీద బతుకుతున్నట్టు కనిపిస్తాడు. 30 శాతం లోపు ఉంటే మేలని సాధారణంగా చెబుతారు. 50 వేల కార్డు ఒక్కటే మూస్తే 10 శాతం దగ్గర ఆగుతుంది. అందుకే చిన్నది మూసెయ్యి, పెద్దదాని జోలికి లోన్ చేతికొచ్చేదాకా వెళ్లకు అన్నాను.

అసలు దెబ్బ మూశామనుకుని వదిలేసిన కార్డు కొడుతుంది. ఇది నాకు అనుభవమే. ఎంజీ రోడ్డులో ఒక స్టాల్ దగ్గర 'మొదటి ఏడాది ఫ్రీ' అంటే తీసుకున్న కార్డును ఏడాది తిరగకుండానే కత్తెరతో రెండు ముక్కలు చేసి, పని అయిపోయిందనుకున్నాను. సత్యనారాయణపురం నుంచి పటమటకు ఇల్లు మారాను, ఫోన్ నంబరూ మారింది. 499 రూపాయల వార్షిక రుసుము, దానిపై 18 శాతం జీఎస్టీ, ఆపైన లేటు ఫీజు, వడ్డీ. బిల్లులు పాత చిరునామాకే వెళ్లాయి. లోన్ కోసం వెళ్లినప్పుడు ఆఫీసరు కంప్యూటర్ తెర నావైపు తిప్పి చూపిస్తే, నెలనెలా ఎన్ని రోజులు ఆలస్యమో అంకెలు వరుసగా కనిపించాయి. ఆ రోజే మొత్తం కట్టేశాను. మరకలు మాత్రం వెంటనే పోలేదు. సిబిల్ రిపోర్టులో 36 నెలల దాకా చెల్లింపుల చరిత్ర కనిపిస్తుంది మరి.

కట్టేముందు సగానికి సెటిల్ చేసుకోమని కూడా అన్నారు. ఒప్పుకోకపోవడం నా అదృష్టం. 'సెటిల్డ్' అన్న మాట చూస్తే, పూర్తిగా కట్టలేకపోయాడనే తర్వాతి బ్యాంకు చదువుకుంటుంది.

2022లో రిజర్వు బ్యాంకు మంచి నిబంధనలే తెచ్చింది. ఏడాదికి మించి వాడని కార్డుపై బ్యాంకు సమాచారమివ్వాలి. 30 రోజుల్లో జవాబు రాకపోతే మూసెయ్యాలి. మనమే అడిగితే 7 పనిదినాల్లో మూయాలి, లేదంటే రోజుకు 500 రూపాయలు మనకివ్వాలి. అన్నిటికీ ఒకటే షరతు, బకాయి ఉండకూడదు. నాకు అభ్యంతరం ఇక్కడే. వాడని కార్డు మీద వార్షిక రుసుము పడిందంటే బకాయి పుట్టినట్టే, మూసివేత ఆగినట్టే. ఏడాదిగా ఒక్కసారీ గీకని కార్డుకు రుసుము వేసేముందు 'ఉంచాలా, మూయాలా' అని ఖాతాదారుణ్ని అడిగి తీరాలన్న నియమం రావాలి. ఆ రుసుము ఒక్కటే బాకీ ఉన్నప్పుడు దాన్ని ఎగవేతగా రిపోర్టు చెయ్యకూడదు.

మావాడు చిన్న కార్డు బాకీ సున్నా చేసి, దాని మీదున్న ఆటో పే తీసేసి, మెయిల్లో రాతపూర్వకంగా అడిగాడు. బకాయి లేదని లెటర్ తీసుకున్నాడు. మూసిన 30 రోజుల్లో ఆ సంగతి క్రెడిట్ సంస్థలకు చేరాలి. నాలుగు సంస్థల్లో ఒక్కోటీ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇస్తుంది. వచ్చే నెల తీసి చూస్తానన్నాడు. అక్కడ ఇంకా 'యాక్టివ్' అనే ఉంటే ఫిర్యాదు పెట్టమన్నాను. 30 రోజుల్లో సరిచేయకపోతే రోజుకు 100 రూపాయల పరిహారం రావాలి.