ఓపెన్ యూనివర్సిటీ సంగతీ చెప్పండి

అమెరికాలో మన తెలుగు సంఘాల సంబరాల్లో ఎవరో ఒకరు జ్యోతిరెడ్డి గారి కథ ఎత్తుకుంటూనే ఉంటారు. వరంగల్ పొలాల్లో రోజుకు 5 రూపాయల కూలీ చేసిన అమ్మాయి అరిజోనాలోని ఫీనిక్స్‌లో కీ సాఫ్ట్‌వేర్ సొల్యూషన్స్ పెట్టిందనగానే హాలంతా చప్పట్లు. ఆ చప్పట్లు ఆవిడకు దక్కాల్సినవే. నా పేచీ అంతా కథ చెప్పేవాళ్లతో. పొలం గట్టు మీద విమానం ఎక్కించి, తిన్నగా అమెరికాలో దింపేస్తారు. మధ్యలో ఏళ్లన్నీ ఏమైనట్టు?

అసలు సరుకంతా అక్కడే ఉంది. ఇల్లు గడవక తండ్రి ఆమెను తల్లి లేని పిల్లని చెప్పి అనాథాశ్రమంలో చేర్చారు, తల్లి బతికుండగానే. అక్కడుండి సర్కారు బడిలో చదువుకుని పదో తరగతి ఫస్ట్ క్లాసులో పాసయ్యారు. పదహారేళ్లకు పెళ్లి, పద్దెనిమిదికల్లా ఇద్దరు ఆడపిల్లలు. కూలీ పనుల తర్వాత నెహ్రూ యువ కేంద్రంలో చదువు చెప్పే పని దొరికింది. 1994లో అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ నుంచి బీఏ. టీచరయ్యాక బడికి రైల్లో వెళ్లొస్తూ తోటి ప్రయాణికులకు చీరలమ్మారు. (నన్నడిగితే ఆవిడ వ్యాపారం ఆ రైలుపెట్టెలోనే మొదలైంది.) అమెరికా వచ్చాక గ్యాస్ స్టేషన్‌లో పని, పిల్లల్ని చూసుకునే పని, 2001లో సొంత కంపెనీ.

ఆ ఓపెన్ యూనివర్సిటీ దేశంలోనే మొదటిది. 1982లో పెట్టారు, ఢిల్లీలో ఇందిరాగాంధీ ఓపెన్ యూనివర్సిటీ (ఇగ్నో) రావడానికి మూడేళ్ల ముందు. మధ్యలో చదువాగిపోయినవాళ్లు, పొద్దంతా పనికెళ్లేవాళ్లు, చంటిపిల్లల తల్లులు ఉన్నచోటే ఉండి డిగ్రీ తెచ్చుకునే ఏర్పాటు అది. అదే లేకపోతే ఎంత పట్టుదల ఉన్నా ఆవిడ ఆ బీఏ ఎక్కడ చదివేవారు? వేదిక మీద మాత్రం ఈ ముక్క ఎవరూ ఎత్తరు. ఒంటరిగా గెలిచిన కథకే చప్పట్లెక్కువ మరి.

ఇలా చెప్పుకోవడం వల్ల నష్టం మన స్కాలర్‌షిప్పుల్లో కనిపిస్తుంది. టెన్త్‌లో, ఇంటర్‌లో మార్కులు బాగా వచ్చి ఇంజనీరింగ్‌లోనో మెడిసిన్‌లోనో సీటు కొట్టిన పిల్లలకే ఎక్కువగా ఇస్తుంటాం. ఇవ్వాల్సిందే, కాదనను. కానీ ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని కూలికెళ్తున్న నాటి జ్యోతి మనకు అప్లికేషన్ పెట్టుకుని ఉంటే మొదటి వడపోతలోనే పక్కన పడేసేవాళ్లం. తర్వాత ఆ మనిషికే శాలువా కప్పి ఫొటో దిగుతాం.

వచ్చే ఏడాది నిధిలో కొంత భాగం వయసు, మార్కులు అడక్కుండా ఇద్దాం. ఓపెన్ డిగ్రీ ఫీజు, పరీక్షలప్పుడు బస్సు చార్జీలు, ఆ రోజుల్లో పోయే కూలీ డబ్బులు. ఎవరికి అవసరమో ఊళ్లో బడి పంతుళ్లకూ అంగన్‌వాడీ టీచర్లకూ తెలుసు. డబ్బు పక్కదారి పడుతుందని మన కమిటీల్లో కొందరు అంటారు. కొంత పడుతుంది కూడా. మన బాంక్వెట్ డిన్నర్లలో ప్లేట్లలో వదిలేసి చెత్తబుట్టలో పారేసేదాని కంటే ఎక్కువేమీ కాదులెండి.