దేవుడికి ఓటు హక్కు ఇంకెప్పుడు?

ఎన్నికలొస్తే ఈ దేశంలో అందరికన్నా ఎక్కువ చాకిరీ చేసేది దేవుడే. అభ్యర్థి చేతికొచ్చిన బీ ఫారం ముందుగా ఆయన పాదాల దగ్గరికి వెళ్తుంది. నామినేషన్లు ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 3 వరకు తీసుకుంటామని అధికారులు చెబితే, అందులోంచి రాహుకాలం తీసేసి మిగిలింది పంతులుగారు చెబుతారు. ఇక ప్రచారం. మంగళవారం నుదుటిన ఆంజనేయస్వామి సింధూరం, శుక్రవారం మసీదు దగ్గర నెత్తిన టోపీ, ఆదివారం చర్చిలో మోకాళ్ల మీద ప్రార్థన. గెలిచాక ‘దైవసాక్షిగా’ ప్రమాణం. ప్రచారకర్తా ఆయనే, సాక్షీ ఆయనే. ఇంత పని చేయించుకుని ఒక్క ఓటైనా ఇవ్వకపోవడం ఏం న్యాయం?

నిజానికి చట్టం ఆయన్ని ఈ గొడవలోకి లాగొద్దనే అంటోంది. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ ప్రకారం మతం పేరు చెప్పి ఓటడిగితే అది అవినీతి. ‘మాకు వేయకపోతే దేవుడికి కోపం వస్తుంది’ అని ఓటరును భయపెట్టినా అవినీతే. అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతం పేరు చెప్పి అడిగినా తప్పేనని 2017 జనవరి 2న సుప్రీంకోర్టు తేల్చింది. ఏడుగురు జడ్జీల్లో ముగ్గురు ఒప్పుకోలేదనుకోండి, అది వేరే సంగతి. అప్పట్నుంచి మన నాయకులు ఒళ్లు దగ్గర పెట్టుకుని మాట్లాడుతున్నారు. మతం ఊసే ఎత్తరు. గాలిగోపురం బొమ్మ ఉన్న ఫ్లెక్సీ కింద నిలబడి డ్రైనేజీ గురించి చెబుతారంతే.

మరి ఓటు ఉన్నవాళ్లేం చేస్తున్నారు? 2024లో తెలుగు రాష్ట్రాల్లో పోలింగ్ మే 13, సోమవారం. ముందు రెండో శనివారం, ఆపైన ఆదివారం. హైదరాబాద్ లోక్‌సభ స్థానంలో ఓటేసినవాళ్లు సగం మంది కూడా లేరు. ఓటు కోసం ఆంధ్రాలో సొంతూళ్లకు బస్సెక్కినవాళ్లను ఏమీ అనకూడదు, వాళ్లకు దండం పెట్టాలి. రిసార్టులకు వెళ్లినవాళ్ల మాటే నేను చెప్పేది. ‘ఎవడొచ్చినా ఒకటే, అంతా పైవాడి దయ’ అని ఈత కొలను పక్కన కూర్చుని తేల్చేశారు. భారమంతా పైవాడి మీదే వేశాక, ఆయన పేరు ఓటర్ల జాబితాలో ఉండడమే కదా పద్ధతి!

అందుకే కొత్త ఓటరుగా పేరు నమోదు చేయించే ఫారం 6 నింపడానికి కూర్చున్నాను. మొదటి గడిలోనే చిక్కొచ్చింది. 18 ఏళ్లు నిండాలట. మన కోర్టుల లెక్కలో గుడిలోని దేవుడు ఎప్పటికీ మైనరే. భూములుండొచ్చు, వాటి కోసం కోర్టుకెక్కొచ్చు, మేజర్ మాత్రం కాడు. పోనీ చిరునామా రాద్దామంటే, ఒక మనిషికి ఒక నియోజకవర్గంలోనే ఓటు. ఈయనేమో సర్వాంతర్యామి. దొంగ ఓట్ల కేసు పెడితే బెయిలెవరిస్తారు?

ఆయన తరఫున వేరేవాళ్లు కేసు వేయొచ్చు కదా, ఓటు కూడా అలాగే వేయిద్దామని మా బూత్‌ ఓటర్ల జాబితా చూసే అధికారి బీఎల్‌ఓను అడిగాను. ప్రాక్సీ ఓటు సాయుధ బలగాల్లో పనిచేసేవాళ్లకేనట. శంఖచక్రాలున్నాయి, కోదండముంది, చాలవా అన్నాను. సర్వీసు సర్టిఫికెట్ తెమ్మన్నాడు.