తంతిని మోగనివ్వడమే ఆయన జాజ్
జాజ్ గిటారిస్టు గాబొర్ సాబో 'జాజ్ రాగా' ఆల్బంలో సితార్, పాప్ పాటలు కలిపి జాజ్‌ను పలచన చేశాడన్న మాట నేను ఒప్పుకోను. సితార్ వరకు సరే, అది ఆయన చేతికి ఇంకా అలవాటు పడలేదని వింటేనే తెలుస్తది. గిటార్ సంగతి వేరు. ఒక తంతిని ఖాళీగా వదిలేసి, అది శ్రుతిలా మోగుతుంటే పక్క తంతి మీద పాట నడుపుతాడు. కార్డ్ (కొన్ని స్వరాలు ఒకేసారి మోగించడం) మీద కార్డ్ మార్చుకుంటూ ఉరకడు. సైకెడెలిక్ (మత్తులో తేలినట్టుండే సంగీతం) మోజు కోసం నేర్చింది కాదిది, 1956లో హంగరీ విడిచి వచ్చిన మనిషి చెవిలో ముందు నుంచే ఉన్న పాట. మాది అచ్చంపేట దిక్కు. చిన్నప్పుడు జాతరలో పన్నెండు మెట్ల కిన్నెర ముందు, దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ తెచ్చిన వాద్యం అదే, గంటల కొద్దీ కూర్చునేవాణ్ణి. కథ ఆగినా సొరకాయ బుర్రల్లోంచి గుంయ్‌మని నాదం వస్తూనే ఉండేది. మెట్టు మీద వేలు జారిన గీర చప్పుడు కూడా వినబడేది. ఏండ్ల తర్వాత హెడ్‌ఫోన్స్‌లో సాబోను విన్నప్పుడు అదే గీర, అదే గుంయ్. అప్పటికి నాకు జాజ్ అంటే ఏందో తెల్వదు, అయినా పరాయిగా అనిపించలే. ఇక పాప్‌కు లొంగిపోయాడంటారా, ఆయన 'జిప్సీ క్వీన్' బాణీని 1970లో సంతానా రాక్ బృందమే తమ 'అబ్రాక్సస్' ఆల్బంలో వాయించింది. రాక్ వాళ్లే ఈయన దగ్గరికి నడిచొచ్చారు.